ఆశన్న సగం విన్న కథ

వడ్ల ఆశన్న నలభై ఏడేళ్ళ వయసులో ఒక పెద్ద పని చేశాడు. దాన్ని మంచి పని అనాలో, తొందరపాటు అనాలో, అసలది అతను చేసిన పనేనో కాదో కల్బాలో ఎవరికీ తేలలేదు. అందరికంటే తక్కువ తేలింది అతనికే. అంతవరకు అతని బతుకులో జరిగినవన్నీ ఇతరులు తలపెట్టినవి. తండ్రి ఉలి చేతికిస్తే వడ్రంగం నేర్చుకున్నాడు. మేనమామ తన కూతురు భూమవ్వనిస్తానంటే చేసుకున్నాడు. కోరుట్ల దగ్గరి తమ ఊరి నుంచి నలుగురు దుబాయ్ బయలుదేరితే ఐదోవాడుగా బొంబాయి రైలెక్కాడు. అది 1978. దుబాయ్ అనుకుంటూ అతను చేరింది అదే దేశపు తూర్పు తీరంలోని కల్బా. ఒక పక్క నల్లటి కొండలు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో ఖర్జూరపు తోటలు, అక్కడక్కడ ఇళ్ళు. ఆ ఊళ్ళో ఒక వయసుమళ్ళిన అరబ్బు వ్యాపారికి దర్వాజల కార్ఖానా ఉండేది; పనివాళ్ళు ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అని పిలిచేవారు. ఆశన్న అందులో పెద్ద మేస్త్రీ.

అతని సొంత ఊళ్ళో ఇల్లంటే గోడలు కావు, దర్వాజ. చౌకట్టు, అంటే ద్వారబంధం, నిలబెట్టే నాడు వడ్లాయన చేతి మీదుగానే అన్నీ జరగాలి. పసుపు పూసి, కుంకుమ పెట్టి, నవధాన్యాల మూట కట్టి, కోడిని కోసి, ఆ నెత్తురును గడపకు తాకించి, "ఇగ ఇల్లు నిలవడ్డది" అని అతను పలికితేనే అది ఇల్లు. ఆ నెత్తురుకు ఆశన్నకు తెలిసిన అర్థం ఒక్కటే: ఈ ఇంటివాళ్ళు ఇక్కడే ఉంటారు, ఎక్కడికీ పోరు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకు వచ్చిన ఈ అర్థాన్ని అతను ఎన్నడూ ఆలోచించి ఒప్పుకోలేదు. మనిషి నిజంగా నమ్మేవి చాలావరకు అలాంటివే.

కల్బాలో అప్పుడు స్థానికులకు ప్రభుత్వం వరసగా ఇళ్ళు కట్టి ఇస్తోంది. వాటి దర్వాజలు ఈ కార్ఖానాలో తయారయ్యేవి. చౌకట్టుకు గోడలోకి పోయే వైపు, సిమెంటు కప్పేసే చోట, ఒక పసుపు బొట్టు పెట్టకుండా ఆశన్న ఒక్క దర్వాజనూ బయటికి పంపలేదు. దాని గురించి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కార్ఖానా పనివాళ్ళు తామారుగురు పడుకునే రేకుల బారక్‌కు తలుపు చేసింది కూడా అతనే. దానికి మాత్రం బొట్టు పెట్టలేదు. ఈ సంగతి కనిపెట్టినవాడు హన్మాండ్లు. జగిత్యాల దగ్గరివాడు, కార్ఖానాలో తలుపులకు కబ్జాలు, అంటే మడత బందులు, గొళ్ళేలు బిగించే పని అతనిది. ఆశన్న కంటే పన్నెండేళ్ళు చిన్న.

"అందరి దర్వాజలకు పెడ్తవు, మనదానికేం పాపమొచ్చిందే అన్నా?"

"దానికి గూడ పెడితే మనం ఈడనే ఉండిపోవాల్సి వస్తదిరా."

"పెట్టకుంటె మాత్రం? ఎనిమిదేండ్ల సంది ఉంటనే ఉన్నం గద!"

ఆ మాటకు బారక్ అంతా నవ్వింది. ఆశన్న నవ్వలేదు. అతని ఇల్లు ఊళ్ళో సగంలో ఆగి ఉంది. ఇక్కడి నుంచి అతను పంపిన డబ్బుతో భూమవ్వ గోడలు లేపించింది, పైకప్పు వేయించింది, దర్వాజ ఉండాల్సిన చోట ఖాళీ వదిలేసింది. మూడేళ్ళుగా అక్కడ గోనెసంచులు కుట్టిన పరదా వేలాడుతోంది. బడిపంతులు చేత ఆమె రాయించే ఉత్తరాల్లో ఎప్పుడూ ఒకటే మాట: "వడ్లాయన ఇంటికి ఇంకొక వడ్లాయన దర్వాజ పెడితే ఊరు నవ్వదా? నువ్వు వచ్చినంకనే." ఆశన్నకు కావలసింది ఇక ఒక్కటే. పోవాలి, తన దర్వాజ తాను నిలబెట్టాలి.

పోవడానికి పాస్‌పోర్టు లేదు. ఆరుగురి పాస్‌పోర్టులూ కార్ఖానా చూసే ముదీర్ గదిలో ఇనుప బీరువాలో ఉన్నాయి. ఒప్పందాలు ముగిసి రెండేళ్ళయింది. ముదీర్ ఎన్నడూ కాదనలేదు, అదే చిత్రం. "రంజాన్ తర్వాత ఇస్తా" అనేవాడు. రంజాన్ వెళ్ళేది. కొత్త ఇళ్ళ పని వచ్చేది. "ఈ పని అయ్యాక, ఖలాస్, అందరూ పొండి" అనేవాడు. పని అయ్యేది, మళ్ళీ మాట మారేది. కాదన్నవాడితో కొట్లాడవచ్చు. ఔనంటూ ఇవ్వనివాడి ముందు మనిషికి తన కోపం మీదే అనుమానం కలుగుతుంది.

1986 ఎండాకాలంలో అర్బాబ్ పాత ఇంట్లో వంటింటి తలుపు బిగుసుకుపోయింది. సముద్రపు తేమకు చెక్క ఉబ్బడం అక్కడ మామూలే. ఆశన్న చిత్రిక పట్టే రందా తీసుకుని వెళ్ళాడు. ఆ వంటింట్లో అచ్చాయమ్మ పనిచేసేది. అమలాపురం పక్కన ఒక లంక గ్రామం ఆమెది. నలభై దాటిన మనిషి. ఆమె పాస్‌పోర్టు అర్బాబ్ భార్య బట్టల బీరువాలో ఉండేది. ఊళ్ళో చర్చి అరుగు మీద కూర్చుని పాదిరిగారు చెప్పినవి విని పెరిగింది కనుక ఆమెకు చదువు రాకున్నా కథలు వచ్చు. తలుపు చెక్కుతూ ఆశన్న ముదీర్ సంగతి చెప్పుకున్నాడు. ఆమె గరిటె ఆపింది.

"ఇదేం కొత్తండీ అన్నయ్యా? ఐగుప్తులో ఫరో రాజు చేసిందీ ఇదే కదండీ. వెళ్ళండంటాడు, ఆ తెగులు కాస్త తగ్గగానే వద్దంటాడు. ఒకసారి కాదండి బాబూ, పదిసార్లు!"

"ఎవల్ని వద్దన్నడు చెల్లె?"

"ఇశ్రాయేలీయుల్ని. నాలుగొందలేళ్ళు బానిసలుగా ఇటుకలు చేసిన జనం. చివరికి ఇటుకల్లోకి గడ్డి కూడా ఇవ్వకుండా అన్నే ఇటుకలు చెయ్యమన్నారు."

ఆశన్న చేతిలో రందా ఆగిపోయింది. కిందటి నెలే ముదీర్ రంపపు మిషనుకు కొత్త పళ్ళు తెప్పించకుండా రోజుకు అన్నే దర్వాజలు కావాలన్నాడు. ఎప్పటిదో రాజుల కాలం మాట కాదు, ఇది నిన్నటిది అనిపించింది.

తలుపు ఆ రోజుతో అయిపోలేదు. కింది అంచు చెక్కితే పై అంచు పట్టేసేది. మూడు మధ్యాహ్నాలు వెళ్ళాల్సి వచ్చింది. కథ కూడా అట్లాగే మూడు ముక్కలుగా సాగింది. ఆకులు తరుగుతూ, చేప కడుగుతూ, లోపలి నుంచి యజమానురాలు పిలిస్తే మధ్యలో లేచిపోతూ అచ్చాయమ్మ చెప్పింది. మోషే అనే పెద్దమనిషి రాజు ముందు నిలబడ్డాడు. రాజు బేరానికి దిగాడు. మగవాళ్ళే పోండన్నాడు, ఒప్పుకోలేదు. మనుషులు పొండి, మందల్ని వదలండన్నాడు, దానికీ ఒప్పుకోలేదు.

"ఒక్క డెక్క కూడా ఇక్కడ విడిచిపెట్టం అన్నాడండీ! ఆయ్! వెళ్తే అందరం, లేదంటే లేదు. అదండీ మగతనమంటే."

మూడో మధ్యాహ్నం ఆమె ఆఖరి రాత్రి గురించి చెప్పింది. ప్రతి ఇంటివాళ్ళూ గొర్రెపిల్లను కోసి, దాని రక్తాన్ని ద్వారబంధానికి రెండు పక్కలా, పైనా పూశారని. నడుం బిగించి, చెప్పులు తొడుక్కుని, నిలబడే తిన్నారని. తెల్లవారేసరికి దేశం విడిచారని.

ఆశన్న అడ్డుపడ్డాడు. "ఆగు చెల్లె. దర్వాజకు నెత్తురు పెట్టిండ్రా?"

"అవునండీ."

"పెట్టి పోయిండ్రా?"

"వెళ్ళడానికే కదండీ పెట్టింది!"

"గదెట్ల? నెత్తురు పెట్టిండ్రంటె ఇల్లు నిలవడ్డట్టు. ఇంట్ల ఉండేటందుకు పెడ్తరు గని పోయేటోడు పెడ్తడా?"

"నీ తలకాయ్! మీ ఊరి కోడి కాదండీ అది, ప్రభువు చెప్పిన గుర్తు!" అని అచ్చాయమ్మ విసుక్కుంది. తర్వాత రెండు మాటల్లో సముద్రం చీలింది, జనం దాటారు, రాజు సేన మునిగింది. ఈలోగా తలుపు కూడా తేలిగ్గా మూసుకుంది. ఇక అతను అక్కడ ఉండటానికి కారణం లేదు. కథ అక్కడితో అయిపోయిందని అతను అనుకున్నాడు. అయిపోలేదని ఆమె చెప్పలేదు. లోపల పిల్ల ఏడుస్తోంది.

నెత్తురు సంగతి మాత్రం అతన్ని వదల్లేదు. కార్ఖానాలో రంపపు మిషను నడిపే హయాత్ బాషాను అడిగాడు. కడప మనిషి, ఐదు పూటలూ నమాజు తప్పనివాడు.

"మూసా, ఫిరౌన్‌ల కథ మాకూ ఉందప్పా. సముద్రం చీలిండేదీ ఉంది. ఆ దర్వాజకు నెత్తురు మాట నేనైతే యాడా వినలేదు."

"మరి ఆమె చెప్తున్నది గద."

"ఆయమ్మ విన్నది ఆయమ్మ చెప్పింది, నేను విన్నది నేను చెప్తాండా. నువ్వు దర్వాజలు చేసుకో పో."

ఇద్దరు నమ్మకస్తులు ఒకే కథను రెండు రకాలుగా చెప్పినప్పుడు వినేవాడికి రెండు దారులుంటాయి: రెంటినీ వదిలేయడం, లేదా తనకు కావలసిన ముక్కలు ఏరుకోవడం. ఆశన్న రెండోది చేశాడు. తెలిసి చేయలేదు. ఆ పని ఎవరూ తెలిసి చేయరు.

ఆ ఏడాది శీతాకాలం మొదట్లో అర్బాబ్ కొండల దిక్కున కొత్త ఇల్లు పూర్తి చేశాడు. దాని తలవాకిలికి ఆశన్న నాలుగు నెలలు పనిచేశాడు. బర్మా టేకు, రెండు రెక్కలు, ఇత్తడి బొడిపెలు, చౌకట్టు చుట్టూ ఖర్జూరపు మట్టల నగిషీ. గృహప్రవేశం శుక్రవారం పొద్దున. బంధువులు, పనివాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. అర్బాబ్ గుమ్మం ముందు ఒక గొర్రెను కోయించాడు. అది అక్కడివాళ్ళు కొత్త ఇంటికి చేసేదే. నెత్తురు చిమ్మి ఒక చార చౌకట్టు కాలికి తగిలింది. ఆశన్న తాను చెక్కిన టేకు మీద ఆ ఎర్రటి చారను చూస్తూ నిలబడిపోయాడు. తాత చెప్పిన అర్థం ఒక దిక్కు లాగింది. అచ్చాయమ్మ చెప్పిన అర్థం ఇంకో దిక్కు లాగింది.

అర్బాబ్ కుర్రతనంలో కలప పడవల మీద బొంబాయి తిరిగినవాడు. ఆ హిందీలోనే అతను ఆశన్నను పిలిచాడు. చౌకట్టు మీద అరచేయి ఆనించి, "ఉస్తాద్, కల్బాలో ఇలాంటి దర్వాజ లేదు. ఏం కావాలో అడుగు. ఇవాళ కాదనను" అన్నాడు. పక్కన ముదీర్ ముఖం చిట్లించాడు.

అడగాల్సింది ఏమిటో ఆశన్నకు రెండేళ్ళుగా తెలుసు. తన పాస్‌పోర్టు. కాని నోటి నుంచి వచ్చింది వేరు.

"మా అందరి పాస్‌పోర్టులు."

"నీది ఇస్తాను."

"అందరియి సాబ్. పోతె అందరం పోతం."

"నీ దర్వాజకు నీ ఒక్కడిదీ చాలదా?"

ఆశన్నకు అచ్చాయమ్మ మాట తప్ప ఇంకేదీ తోచలేదు. "ఒక్క డెక్క గూడ ఇడిచిపెట్టం సాబ్" అన్నాడు వచ్చీరాని హిందీలో.

అర్బాబ్ కోసిన గొర్రె వైపు చూశాడు, ఆశన్న వైపు చూశాడు, పెద్దగా నవ్వాడు. "కాళ్ళు కూడా కావాలా? తీసుకో! పాస్‌పోర్టులూ తీసుకో, కాళ్ళూ తీసుకో. ఖలాస్!" అని ముదీర్‌కు చేయి ఊపాడు.

అలా ఆ మధ్యాహ్నం ఆశన్న ఆరు పాస్‌పోర్టులు, నాలుగు గొర్రె కాళ్ళతో బారక్‌కు వచ్చాడు. బారక్ గంతులేస్తుందని అనుకున్నాడు. ఆర్మూరు నుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరు నిజంగానే అతని కాళ్ళకు మొక్కి, అప్పుడే పెట్టె కట్టడం మొదలుపెట్టారు. రంగులు వేసే మలబారీ తన పాస్‌పోర్టును తిప్పితిప్పి చూసి మంచం మీద కూలబడ్డాడు. హన్మాండ్లు అయితే తనదాన్ని తాకనే లేదు.

"నిన్నెవడు అడగమన్నడే?"

"రోజు పొద్దున లేస్తె పాస్‌పోర్టు, పాస్‌పోర్టు అని మొత్తుకున్నోనివి నువ్వే గదరా!"

"మొత్తుకుంట. మొత్తుకునుడు వేరు, పోవుడు వేరు. ఊర్ల ఏమున్నదని పోవాలె? మూడేండ్ల సంది వాన లేదు. బాయిల తాబేలు గూడ లేదు. ఈడ ఎండకాలం ఫ్రిజ్ నీళ్ళు తాగుతున్న, జుమ్మా నాడు మటన్ తింటున్న. ఒకసారి వీసా కొట్టేస్తె మల్ల ఎవడిస్తడు? నూనె ధర పడ్డదని కంపెనీలన్నీ మనుషుల్ని తోలుతున్నయ్. నీకంటె నిలవెట్టే దర్వాజ ఉన్నది. నాకేమున్నది? దుబాయ్‌ల ఉన్నడన్న పేరున్నది. గది గూడ తీస్తివి."

"మరి పోవాలె పోవాలె అని ఎందుకన్నవురా?"

"అనకుంటె ఎట్ల పొద్దువోతది?"

హయాత్ బాషా నమాజు చాప మడుస్తూ నెమ్మదిగా అన్నాడు: "నాకెట్లైనా ఒకటే గాని, ఒక మాట మమ్మల్ని అడిగి అడిగింటే బాగుండు గదప్పా."

ఆశన్నకు తట్టని మాట అదొక్కటే. మోషే తన జనాన్ని అడిగాడో లేదో అచ్చాయమ్మ చెప్పలేదు. ఇతరుల తరఫున స్వేచ్ఛ అడగవచ్చా అన్న ప్రశ్న చదువుకున్నవాళ్ళను కూడా చాలాకాలంగా వేధిస్తోంది. ఆశన్న దాన్ని ఒక శుక్రవారం మధ్యాహ్నం, గొర్రె కాళ్ళ సంచి చేతిలో ఉండగా ఎదుర్కొన్నాడు. ఆ కాళ్ళను చివరికి హన్మాండ్లే కాల్చి, గీకి, కసి తీరా కారం వేసి వండాడు. ఆరుగురూ తిన్నారు.

మరుసటి పొద్దున హన్మాండ్లు, మలబారీ కలిసి వచ్చి తమ పాస్‌పోర్టులు అతని ముందు పెట్టారు. "తెచ్చినోనివి నువ్వే. పోయి వాపస్ ఇచ్చి రా. మేం ఉంటమని చెప్పు."

ఆశన్న వెళ్ళాడు. అర్బాబ్ కొత్త ఇంటి మజ్లిస్‌లో, అతిథుల గదిలో, గహ్వా కాఫీ తాగుతున్నాడు. రెండు పాస్‌పోర్టులు ముందు పెట్టి సంగతి చెప్పేసరికి ఆయన ముఖంలోని నవ్వు పోయింది.

"నిన్న అందరూ అన్నది నువ్వే కదా?"

"నేనే సాబ్."

"మరి ఇవాళ వీళ్ళెవరు?"

అర్బాబ్ ఫింజాన్ కప్పు కింద పెట్టాడు. "విను ఉస్తాద్. నువ్వు లేని కార్ఖానా నాకెందుకు? వీళ్ళు గొళ్ళేలు బిగిస్తారు, రంగులు వేస్తారు. దర్వాజ చేసేవాడివి నువ్వు. నువ్వుంటే కార్ఖానా ఉంటుంది, వీళ్ళూ ఉంటారు. నువ్వు పోతే మూసేస్తాను, అందరూ పోతారు. నువ్వు అడిగింది ఇచ్చేశాను. ఇక నన్నేమీ అడగకు. రేపు పొద్దున నీ మాట చెప్పు."

ఆశన్న ఆ రెండు పాస్‌పోర్టులూ మళ్ళీ తీసుకుని బయటికి వచ్చాడు. నిన్నటిదాకా అతన్ని ఆపింది ముదీర్ బీరువా. ఇవాళ ఆపుతున్నది హన్మాండ్లు అన్నం. తన పాస్‌పోర్టు జేబులోనే ఉంది, అయినా పోలేడు. పోతే హన్మాండ్లును గెంటినట్టు. ఉంటే భూమవ్వ గోనెపరదా వెనక ఇంకెన్నేళ్ళో. బానిసత్వం ఎక్కడ ముగిసిందో, విడుదల ఎక్కడ మొదలైందో అతనికి గీత కనబడలేదు. రాజు ఒక్కడే ఉన్న కథ సులువు. ఇక్కడ ఎవరు రాజో తెలియడం లేదు.

దారిలో హయాత్ బాషాను వెంటబెట్టుకుని నేరుగా పాత ఇంటి వంటగదికి పోయాడు.

"చెల్లె, ఆ సముద్రం దాటినంక ఏమైంది?"

అచ్చాయమ్మ చేయి తుడుచుకుంది. "ఏమవుతుందండీ? నాలుగు రోజులు పాటలు పాడారు. తర్వాత సణుగుడు మొదలు. నీళ్ళు లేవని ఒకసారి, మాంసం లేదని ఒకసారి. ఐగుప్తులో చేపలు తిన్నాం, దోసకాయలు తిన్నాం, ఉల్లిపాయలు తిన్నాం, ఇక్కడికెందుకు తెచ్చావయ్యా అని మోషేను పట్టుకు పీకారు. వెనక్కి పోదాం పదండన్నారు కూడాను."

"అది మాదాంట్లోనూ ఉందప్పా," అన్నాడు హయాత్ బాషా వెంటనే. "పైనుంచి తిండి దిగుతాంటే కూడా పప్పు కావాల, ఎర్రగడ్డ కావాల అని అడిగినారు."

నెత్తురు మాట దగ్గర విడిపోయిన ఇద్దరూ ఈ సంగతి మాత్రం ఒప్పుకున్నారు. ఆశన్న ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూశాడు.

"గది ముందుగాల్నే చెప్పద్దా మీరు?"

"మీరు అడిగారా? తలుపు అయిపోగానే రందా భుజానేసుకుని వెళ్ళిపోయారు!"

"మరి ఎనుకకు పోతమన్నోల్లతోని ఆయన పోయిండా?"

"ఎవరూ వెనక్కి పోలేదండీ. అందర్నీ ముందుకే నడిపించాడు. నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగారు. బయల్దేరినవాళ్ళు చాలామంది అక్కడే పోయారు. ఆయన కూడా ఆ దేశాన్ని కొండ మీంచి చూశాడు గానీ అందులో కాలు పెట్టలేదు."

"ఇదేం కథ చెల్లె!"

అచ్చాయమ్మ తలుపు రెక్క మీద వేలితో గీస్తూ అంది: "ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి అన్నయ్యా. అర్బాబ్ దగ్గర అందరివీ కావాలి, ఒక్క డెక్క కూడా వదలనన్నారంట. ఇల్లంతా చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆ అందరిలో నన్ను లెక్కేశారా?"

అందరూ అంటే బారక్‌లో ఉన్న ఆరుగురే ఆశన్నకు తోచారు. కథ చెప్పిన మనిషి అతని లెక్కలోకి రాలేదు.

"ఇప్పుడే పోయి అడుగుత," అన్నాడు చివరికి.

"వద్దండి బాబూ! నేను వెళ్తానని ఎవరన్నారు? రెండేళ్ళుండి, ముగించుకుని, నా అంతట నేనే వెళ్తాను. అడగలేదని చెప్పానంతే."

తిరిగి వస్తూ ఆశన్న హయాత్ బాషాతో అన్నాడు: "పోనన్న హన్మాండ్లుకు అడిగిన్నని కోపం. పోనన్న ఈమెకు అడగలేదని కోపం. నాకేం సమజైతలేదు భాయ్."

"నాకూ కాలేదులేప్పా," అన్నాడు హయాత్ బాషా. "అయినా రేపు పొద్దున చెప్పాల్సింది నువ్వు."

ఆ సాయంత్రం ఆశన్న కార్ఖానాలో ఒంటరిగా కూర్చున్నాడు. ఒక్కో కారణాన్నీ పక్కన పెట్టి చూశాడు. హన్మాండ్లు చెప్పింది నిజం. భూమవ్వ చెప్పింది నిజం. అర్బాబ్ కూడా అబద్ధమాడలేదు. అన్నీ నిజాలే అయినప్పుడు నిజం దారి చూపదు. మోషే ఏం చేశాడో ఇప్పుడు పూర్తిగా తెలుసు, కాని అది అతనికి పనికిరాలేదు. ఆయనతో దేవుడు మాట్లాడాడట. ఆశన్నతో ఎవరూ మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున అర్బాబ్ ముందు నిలబడి, "నేను పోత సాబ్" అన్నాడు.

"వాళ్ళ సంగతి?"

"నాకు తెల్వదు సాబ్. మా ఇంటికి దర్వాజ లేదు. నేను పోయి పెట్టాలె."

అర్బాబ్ మంచిదన్నట్టు తల ఊపాడు. శుక్రవారం అడిగినప్పుడు ఆశన్న నోట కథ పలికింది. ఈ మాట మాత్రం ఎక్కడా వినలేదు, సొంతది. అందువల్ల అది ఒప్పయిందని చెప్పలేను. సొంత మాటకు ఉన్న విలువ అంతే, తప్పయితే ఆ తప్పు ఇంకొకరి మీద వేయడానికి వీలుండదు. బారక్‌కు వచ్చి అతనే హన్మాండ్లుకు చెప్పాడు. ఒక్క తిట్టు పడుతుందేమోనని ఎదురుచూశాడు. హన్మాండ్లు అతని చేతిలోంచి తన పాస్‌పోర్టు తీసుకుని, అంగీ లోపలి జేబులో పెట్టుకుని మంచం కింది నుంచి పెట్టె లాగాడు.

వారం తిరిగేసరికి వీసాలు కొట్టేశారు, కార్ఖానాకు తాళం పడింది. అన్నదమ్ములిద్దరూ ముందే వెళ్ళారు. మలబారీకి ఫుజైరాలో చుట్టం ఎవరో దొరికాడు. మిగిలిన ముగ్గురూ ఒక పఠాన్ పికప్ వెనక సామానుతో దుబాయ్ విమానాశ్రయానికి బయల్దేరారు. కొండలు దాటినంతసేపూ, ఎడారి దాటినంతసేపూ హన్మాండ్లు ఆశన్న వైపు చూడలేదు. మసాఫీలో బండి ఆగితే ఆశన్న కొనిచ్చిన చాయ్ తాగాడు, గ్లాసు వెనక్కిచ్చాడు, అంతే. హయాత్ బాషా తస్బీ పూసలు తిప్పుతూ కునుకు తీశాడు.

షార్జా దాటి అల్ కుసైస్ దగ్గర రోడ్డు పక్కన లేబర్ బారక్‌ల వరసలు మొదలయ్యాయి. హన్మాండ్లు లేచి క్యాబిన్ మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు. బండి ఆగింది. పరుపు చుట్ట కింద పడేసి, పెట్టె దింపి, తాను దూకాడు.

"యేడికిరా?" అన్నాడు ఆశన్న.

"ఈడ మా ఊరోల్లు ఉన్నరు. ఏదో ఒక పని దొర్కుతది."

"వీసా లేదు, పిచ్చోడా! దొరికితె జైల్ల ఏస్తరు. నడువ్, ఫ్లైట్ టైమైతుంది."

"అన్నా," అన్నాడు హన్మాండ్లు. ఎనిమిది రోజుల్లో అతను పిలిచిన మొదటి పిలుపు అది. "ఎనిమిదేండ్లు నా పాస్‌పోర్ట్ ముదీర్ తాన ఉండె. తర్వాత నీ తాన ఉండె. ఇప్పుడు నా తాన ఉన్నది. ఎటు పోవాల్నో నేను చూసుకుంట."

అందులో కోపముందో, కృతజ్ఞత ఉందో, ఎకసెక్కెముందో ఆశన్నకు అంతుపట్టలేదు. దిగి చేయిపట్టి లాగాలా, అట్లా లాగడం మళ్ళీ అతన్ని అడగకుండా అతని తరఫున నిర్ణయించడమే అవుతుందా? ఒక కాలు బండి అంచు మీద పెట్టి ఆగిపోయాడు. హయాత్ బాషా కళ్ళు తెరిచి, సంగతి గ్రహించి, మళ్ళీ మూసుకున్నాడు.

"యల్లా, యల్లా!" అని డ్రైవర్ హారన్ కొట్టాడు.

ఆశన్న కాలు లోపలికి తీసుకున్నాడు. బండి కదిలింది. హన్మాండ్లు పెట్టె తలకెత్తుకుని ఇసుకలో నడిచి, మొదటి వరసలో ఒక బారక్ తలుపు ముందు ఆగాడు. పెట్టె దింపకుండానే ఒక చేత్తో తట్టాడు. తలుపు ఎవరు తీశారో, తీశారో లేదో చూడకముందే బండి మలుపు తిరిగింది.